లిఫ్టులో ఇరవై నిమిషాల ప్రేమ

వీధిలో అందరూ ఆమెను అద్దాలక్క అంటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. చిన్న స్కేలు ముక్కు మీద ఆనించి కనుపాపల మధ్య దూరం కొలవడం, కాడలు వేడిచేసి చెవుల వెనక్కి వంచడం, ముక్కు దగ్గర మెత్తలు మార్చడం ఆమె పని. రోజుకు పాతికమంది ముఖాలు జానెడు దూరం నుంచి చూస్తుంది. ముఖాలు గుర్తుండవు గానీ ముక్కులు మాత్రం గుర్తుంటాయి.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ దుకాణంలోకి ఈగ కూడా తొంగిచూడదు. ఆ రెండు గంటలూ అద్దాలక్క ఫోన్లో ప్రేమ సీరియళ్ళు చదివేది. ఏడాది పాటు చదివాక ఒకరోజు, "ఇంతోటిది నేను రాయలేనా?" అనుకుంది. అక్కడే మొదలైంది తంటా.

"నలభై రోజుల్లో ప్రేమరచయిత్రి" అని ఒక ఫోన్ గ్రూపు కనిపిస్తే చేరిపోయింది. అందులో అరవైముగ్గురు సభ్యులు. సొంత పేర్లు చెప్పకూడదట. ఒకరు వెన్నెల, ఒకరు మంచుపువ్వు, ఒకరు పిల్లగాలి. నేర్పే ఆవిడ నూటనాలుగు సీరియళ్ళు రాసినట్టు ఆవిడే చెప్పుకుంది. ప్రతి పాఠాన్నీ "బంగారాలూ!" అని మొదలుపెట్టేది కాబట్టి అద్దాలక్క ఆమెకు మనసులో బంగారాల మేడమ్ అని పేరు పెట్టుకుంది.

మేడమ్ నియమాలు కచ్చితంగా ఉండేవి. కథానాయకుడు ఆరడుగుల రెండంగుళాలకు తగ్గకూడదు. అతనికి ఎప్పుడూ కోపంగా ఉండాలి, ఎందుకో పదో భాగం దాకా చెప్పకూడదు. కథానాయిక ఎక్కడ నడిచినా తూలాలి, తూలిన ప్రతిసారీ అతను పక్కనే ఉండాలి. ఇక ఒకరి రచన మీద ఇంకొకరు అభిప్రాయం చెప్పాలంటే ముందు మూడు పొగడ్తలు, ఆ తర్వాతే ఒక సవరణ.

అద్దాలక్క మొదటి వారమే తప్పులో కాలేసింది. మంచుపువ్వు రాసిన నాయకుడి కళ్ళు "ఎర్రజీరల మధ్య ఉప్పొంగే సముద్రాలు". అద్దాలక్క నియమం ప్రకారం బాగుంది, చాలా బాగుంది, ఇంకా బాగుంది అని రాసి, చివర్న "ఎరుపూ నీరూ కలిసి కనిపిస్తే అది మామూలుగా కళ్ళకలక. అమ్మాయిని దూరంగా ఉండమనండి, అంటుకుంటుంది" అంది. మంచుపువ్వు రెండు రోజులు గ్రూపులో మాట్లాడలేదు.

రెండో వారం మేడమ్ గొంతు ఇలా వినిపించింది. "బంగారాలూ! మీరు మగవాణ్ణి చూడటం మర్చిపోయారు. ఈ ఏడు రోజులూ ఒక మగవాణ్ణి గమనించండి. రోజుకు పది వాక్యాలు రాయండి. 'అందంగా ఉన్నాడు' అన్న మాట వాడితే మార్కులు కోసేస్తా!"

అద్దాలక్క ఇంట్లో గమనించడానికి ఉన్నది ఒక్కడే మగవాడు. ఆమె భర్త. వయసు యాభై రెండు, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. చుట్టుపక్కల భవనాల్లో లిఫ్టులు బాగుచేసేది ఆయనే కాబట్టి ఆయన పేరు లిఫ్టాయన. కూతురు చదువుకని హాస్టల్‌కి వెళ్ళాక ఇంట్లో ఇద్దరే. పెళ్ళై ఇరవై నాలుగేళ్ళు కావడంతో ఒకరినొకరు వినడమే తప్ప చూసుకోవడం తగ్గిపోయింది.

ఆమె చూడటం మొదలుపెట్టింది. చూసినకొద్దీ ఆశ్చర్యంగా ఉంది. ఆయన చొక్కా గుండీలు కింది నుంచి పైకి పెట్టుకుంటాడు. చెప్పులు వేసుకునే ముందు ఎడమదాన్ని తిరగేసి దులుపుతాడు, కుడిదాన్ని మాత్రం నమ్ముతాడు. పేపర్లో బొమ్మలు ముందు చూసి, వాటి కింద రాసింది చదివి, తనలో తనే "అదీ సంగతి" అనుకుంటాడు. ఇదంతా ఫోన్లో రాసుకుంది.

మూడో రోజు భోజనం దగ్గర లిఫ్టాయన ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏంటి అలా చూస్తున్నావ్?"

"ఏం లేదండీ. మీరు తినండి."

ఆ మాటతో ఆయన గుండెల్లో రాయి పడింది. పోయిన నెలే కంపెనీవాళ్ళు పనివాళ్ళందరికీ ఆరోగ్య పరీక్షలు చేయించారు. ఆ కాగితాలు ఆయన పనిలో ఉండగా ఇంటికొచ్చాయి. "అంతా బాగానే ఉందట" అని ఆవిడే చెప్పి బీరువాలో పెట్టింది. అప్పుడు ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ కాగితాలూ ఈ చూపులూ కలిపి చూసుకుంటే ఆవిడ ఏదో దాస్తోందనిపించింది.

నాలుగో రోజు పొద్దున ఆవిడ, "కాస్త అటు తిరగండి" అంది. తిరిగాడు. వెనక నుంచి ఫోన్ మీద టకటకా ఏదో రాసుకున్న చప్పుడు వినిపించింది. అంతే. పనికి సెలవు పెట్టి తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరు గుండె విన్నాడు, నాలుక చూశాడు, వీపు మీద తట్టాడు. "మీకేమీ లేదండీ. దుక్కలా ఉన్నారు. అసలు ఏం బాధ?"

"మా ఆవిడ నన్ను చూస్తోంది సార్."

"చూస్తే?"

"పెళ్ళై ఇరవై నాలుగేళ్ళయింది సార్."

డాక్టరు కాసేపు ఆలోచించి, ఇంకో పరీక్ష రాసిచ్చాడు.

అది కూడా బాగానే వచ్చింది. అయినా లిఫ్టాయన మనసు ఆగలేదు. వాళ్ళక్కకు ఫోన్ చేశాడు. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. పిల్లల అబద్ధాలు పట్టుకోవడంలో అందెవేసిన చెయ్యి. మర్నాడు సాయంత్రానికల్లా చేతిసంచీతో దిగింది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, గడ్డం పట్టుకుని, "చిక్కిపోయావురా" అని, తిన్నగా వంటింట్లోకి నడిచింది.

"మరదలా, వాడి దగ్గర ఏం దాస్తున్నావ్?"

"నేనా? ఏం దాస్తున్నాను వదినా?"

"రాత్రింబవళ్ళు వాణ్ణి చూస్తూ ఫోన్లో ఏదో రాస్తున్నావట. ఎన్నాళ్ళు బతుకుతాడో లెక్కలేస్తున్నావా?"

అద్దాలక్కకు మొదట నవ్వొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ భర్త ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోతూ ఫోన్ వదినగారి చేతికిచ్చింది. "ప్రేమకథలు రాయడం నేర్చుకుంటున్నాను వదినా. ఇది హోమ్‌వర్కు."

హోమ్‌వర్కు అన్న మాట వినగానే వదినగారు కళ్ళజోడు పెట్టుకుని, క్లాసులో చదివినట్టు గొంతెత్తి మొత్తం చదివేసింది. గుండీలు, పేపరు, పొట్ట, మెడ వెనక ఎండకు కమిలిన గీత, గోళ్ళ చివర ఎంత తోమినా పోని గ్రీజు, నవ్వొచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం. లిఫ్టాయన ఎక్కడ చూడాలో తెలియక పళ్ళేలవైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేను ఎడమ చెప్పు దులుపుతానా?" అన్నాడు చివరికి.

"దులుపుతావురా" అంది అక్క. "నీకు అయిదేళ్ళప్పుడు దాన్లో తేలు దూరింది. నాలుగు రోజులు జ్వరం. నీకు గుర్తులేదు, నీ చేతికి గుర్తుంది."

ఆ ముక్క అద్దాలక్క వెంటనే రాసుకుంది. ఈసారి ఆయన కంగారు పడలేదు. పైగా కాస్త నిటారుగా నిలబడ్డాడు.

ఏడు రోజుల రాత పూర్తిచేసి గ్రూపులో పెట్టింది. వెన్నెల, "అద్భుతం, అమోఘం, కన్నీళ్ళొచ్చాయి. ఎత్తు ఒక్కటి పెంచండి" అని రాసింది. పిల్లగాలి పొట్ట తీసేయమంది. మంచుపువ్వు అదే అదనుగా గోళ్ళలో గ్రీజు అసహ్యంగా ఉందనీ, దాని బదులు చందనం పరిమళం పెట్టమనీ అంది. చివర్న మేడమ్ తీర్పు వచ్చింది. "బంగారం, నువ్వు రాసింది మొగుణ్ణి. మనకు కావలసింది కథానాయకుడు."

మూడో వారం పాఠం లిఫ్టు దృశ్యం. నాయికా నాయకులు లిఫ్టులో ఇరుక్కోవాలి. ఇరుక్కోకుండా ఏ ప్రేమా ముదరదని మేడమ్ సిద్ధాంతం. అద్దాలక్క బుద్ధిగా రాసింది. తాడు తెగి లిఫ్టు ఆగిపోయింది, దీపాలారిపోయాయి, మూడు గంటలు గడిచాయి, గాలి అయిపోతోంది, ఆమె అతని ఛాతీ మీద తల వాల్చింది. రహస్యం బయటపడిపోయింది కాబట్టి ఈసారి భర్తకే ముందు చూపించింది.

ఆయన చదువుతుంటే ముఖం రంగులు మారింది.

"తాడు తెగిందా? ఏ తాడు?"

"లిఫ్టు తాడండీ."

"ఒకటే ఉంటుందా? అయిదుంటాయి. అయిదూ ఒకేసారి తెగాయా? ఆ బిల్డింగు చూసేదెవడు?"

"ఇది ప్రేమకథండీ."

"ప్రేమకథైతే మాత్రం? తాడు తెగినా కింద బ్రేకు పట్టేస్తుంది. ఇక గాలి అయిపోవడమేంటి? చుట్టూ సందులుంటాయి. మూడు గంటలా? అలారం గంట నొక్కితే నేను ఇరవై నిమిషాల్లో అక్కడుంటాను!"

"మీరు కాదండీ, కథలో..."

"కథలోనైనా సరే!"

వదినగారు పక్క నుంచి, "ఇరవై నిమిషాల్లో లోపలివాళ్ళు ఏం చేస్తార్రా?" అనడిగింది.

"మొదట అన్ని బటన్లూ నొక్కుతారు. తర్వాత ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. ఆ తర్వాత బాత్రూమ్ గుర్తొస్తుంది. ముప్పై ఏళ్ళలో లోపల ప్రేమించుకున్నవాళ్ళని ఒక్కళ్ళని చూళ్ళేదక్కా." ఫోన్ పక్కన పెట్టాడు. "కానీ తలుపు తెరిచాక... అప్పుడు మనల్ని చూస్తారు చూడు. అలా ఇంకెప్పుడూ, ఇంకెవరూ చూడరు. ఒకావిడైతే మెట్లు దిగిందాకా నా చెయ్యి వదల్లేదు."

అద్దాలక్క ఆయన వంక చూసింది. ఇరవై నాలుగేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ "ఒకావిడ" ఎవరో అడుగుదామనుకుని, మానేసి, ఫోన్ తీసి మొత్తం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది.

కొత్త కథలో ఆరడుగుల రెండంగుళాల నాయకుడు లిఫ్టులో అన్ని బటన్లూ నొక్కి, "నేనెవరో తెలుసా?" అని గోడల మీద అరిచాడు. అమ్మాయి అతనికి దూరంగా మూలకు జరిగింది. అప్పుడు పై నుంచి ఒక గొంతు, "అమ్మా, కంగారు పడకండి. తలుపు మీద ఆనుకోకండి. నేను వచ్చేశాను" అంది. ఆ గొంతు ఎత్తెంతో ఆమెకు తెలియదు. తలుపు జానెడు తెరుచుకుంది. గ్రీజు అంటిన చెయ్యి కనిపించింది. ఆమె పట్టుకుంది.

ఆ కథ గ్రూపులో పెట్టింది. తర్వాత మేడమ్ పదకొండు నిమిషాల పాటు మాట్లాడింది. మెకానిక్ నాయకుడెలా అవుతాడు? పాఠకురాళ్ళు ఏం పాపం చేశారు? అయినా ఆమె పెద్ద మనసుతో ఒక దారి చూపించింది. "అతను నిజానికి లిఫ్టు కంపెనీ యజమాని కొడుకు బంగారం. మారువేషంలో ఉన్నాడని పెట్టు." ఓటింగు పెట్టారు. నలభై ఒక్కమంది యజమాని కొడుక్కే వేశారు.

అద్దాలక్క ఒకే వాక్యం రాసింది: "యజమాని కొడుకైతే తలుపు తెరవడం రాదు మేడమ్."

రెండు నిమిషాల్లో ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

ఆ మధ్యాహ్నం దుకాణంలో ఒక పెద్దాయన కళ్ళజోడు బిగిస్తూ కాడ విరగ్గొట్టింది. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. తను రాయడానికి పనికిరాదన్నమాట, అనుకుంది. ఇంటికెళ్ళి వదినకు చెబితే, "ఎవరో తలుపేశారని కూచుంటావా?" అని కసిరి, తన దుప్పటి దులుపుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఫోన్లో విడిగా ఒక మెసేజ్. వెన్నెల నుంచి. "అక్కా, ఆ మెకానిక్ తర్వాత ఏం చేశాడు? ఓటు అటు వేశాను గానీ నా మనసు ఇటే ఉంది." సాయంత్రానికి పిల్లగాలి అడిగింది. వారం తిరిగేసరికి పదకొండుమంది, ఒకరికి తెలియకుండా ఒకరు. ఆఖరున మంచుపువ్వు కూడా వచ్చి, గ్రీజు ఉంటే ఉండనివ్వమంది.

అద్దాలక్క వాళ్ళ కోసం రాయడం మొదలుపెట్టింది. వారానికొక భాగం. వదినగారు ఊరికి వెళ్ళడం మానేసి అచ్చుతప్పులు దిద్దే పని పెట్టుకుంది. ఇక లిఫ్టాయన సంగతి చెప్పక్కర్లేదు. పని నుంచి రాగానే, "ఇవాళ నేనేం చేశాను?" అని అడిగేవాడు. కొన్నాళ్ళకు సలహాలివ్వడం మొదలైంది. అమ్మాయి మరీ ఎక్కువసేపు ఏడుస్తోందనీ, ఆ సమయంలో మెషిన్ రూమ్ చూపిస్తే పాఠకులకు విజ్ఞానమనీ వాదించేవాడు. మేడమే నయమనిపించే రోజులు వచ్చాయి.

తొమ్మిదో భాగంలో నాయకుడు అమ్మాయికి మనసు విప్పి చెప్పాలి. లిఫ్టాయన ఆదివారం పొద్దున్నే కూర్చోబెట్టి, లిఫ్టుకు ఎదురుగా గోడ వెంట పైకీ కిందికీ తిరిగే ఇనుప బరువు గురించి రెండు పేజీలు చెప్పి రాయించాడు. లిఫ్టు దిగితే అది లేస్తుందట, లేస్తే అది దిగుతుందట, లోపలివాళ్ళకు మాత్రం ఎప్పటికీ కనపడదట. ఆయన స్నానానికి వెళ్ళగానే అద్దాలక్క ఆ రెండు పేజీలూ తీసేసింది. సాయంత్రం వదినగారు పైకి చదువుతుంటే దొరికిపోయింది.

"నా బరువేదీ?"

"తీసేశానండీ. అక్కడ కథ నడవట్లేదు."

"అది లేకపోతే లిఫ్టే నడవదు" అని లేచి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ముభావంగా తిరిగాడు. అడిగినదానికి ఊఁ, ఉహూఁ తప్ప మాటలేదు. కథలో తనేం చేశాడని కూడా అడగలేదు. మూడో రోజు మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని అద్దాలక్క ఆ బరువును నాలుగు వాక్యాలకు కుదించి, నాయకుడి నోట పెట్టింది. రెండుసార్లు చదువుకుంది. పంపించేసింది.

పావుగంటలో పిల్లగాలి నుంచి జవాబు: "అక్కా, అద్భుతం, అమోఘం, ఏడ్చేశాను. ఆ ఇనుప బరువు గురించి నాలుగు లైన్లు మాత్రం తీసేయండి."

"అవి ఉంటాయి" అని రాసి, ఫోన్ సొరుగులో పడేసి, తలుపు తోసుకుని లోపలికొస్తున్న మనిషి ముక్కు వైపు చూసింది.