మోడం కట్టొద్దు తల్లీ

నలభై గంటలు. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు విమానం నడపాల్సింది అంతే. ఈ మాట మా నాయనకు మొదట చెప్పింది నేనే, అదే నేను చేసిన పాపం. ఆయన టమోటా బాక్సులు లెక్కేసినట్టు వేళ్ల మీద లెక్కేసి, "నలభై గంటలంటే ఎంతమ్మా హేమా, రెండు దినాలు గూడా లే. నింపాదిగా నేర్సుకున్నా పదైదు దినాల్లో ఇంటికొస్తావు" అన్నాడు. మూడేళ్ల కిందటి మాట ఇది. ఆ నలభై గంటలు నాకింకా పూర్తి కాలేదు.

ఊళ్లో ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న, "ఇంగా కాలేదామ్మా?" పాలకేంద్రం దగ్గర అడుగుతారు, పుంగనూరు బస్సులో అడుగుతారు, పెళ్లికి పోతే విస్తరి ముందు కూర్చున్నా వదలరు. మా మేనత్త సుబ్బలక్ష్మమ్మయితే, "మావాడికి కారు లైసెన్సు నెలకే వచ్చింది, నీకు యాల రాలే" అని నలుగురిలో అడిగింది. ఒళ్లు మండిపోయింది. ఏం చెప్పను? విమానం గాల్లో ఒక గంట తిరిగితే పదిహేను వేలని చెప్పనా? ఆ గంట దొరకడానికి ముందు వైద్య పరీక్ష, రాత పరీక్షలు, రేడియోలో మాట్లాడటానికి ఇంకో లైసెన్సు కావాలని చెప్పనా? బెంగళూరు దాటి అంత దూరం శిక్షణ కేంద్రానికి పోతే, ఉన్న రెండు విమానాల్లో ఒకటి విడిభాగం కోసం షెడ్డులో పడి ఉంటుందని చెప్పనా? పైగా ఇంత చేసినా ఈ లైసెన్సుతో ఉద్యోగం రాదు. ఉద్యోగానికి వేరే లైసెన్సు, దానికి రెండు వందల గంటలు. ఈ సంగతి ఊరికి తెలిస్తే పరువు పోతుందని నేనూ నాయనా నోరు మూసుకుని ఉన్నాం.

మరి ఎందుకీ యాతన అంటే, ఎగిరినప్పుడు మాత్రం నాకు ఏ యాతనా గుర్తుండదు. లైసెన్సు చేతికొస్తే పక్క సీట్లో మొదట కూర్చునేది నాయనే. ఆయన ఇంతవరకు విమానం ఎక్కలేదు. మాకిద్దరికీ కావలసింది ప్రస్తుతానికి అంతే.

అసలు గొడవ టమోటాతో వచ్చింది. మా డబ్బంతా బోరు కింద పండే టమోటా డబ్బు. చలికాలంలో ఆకాశం తళతళలాడుతుంటే మదనపల్లె మార్కెట్లో టమోటాకు ధర ఉండదు, కోత కూలి కూడా రాదు. ధర లేచేది జూన్, జూలైల్లో. అప్పుడు నాయన చేతిలో డబ్బుంటుంది, రన్‌వే మీద మబ్బుంటుంది. మబ్బు దిగితే నేర్చుకునేవాళ్లను ఒంటరిగా పంపరు. డబ్బున్నప్పుడు ఆకాశం ఉండదు, ఆకాశం ఉన్నప్పుడు డబ్బుండదు. మిగతా నెలలు కుప్పంలో ఒక ప్రైవేట్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ నెట్టుకొస్తున్నాను.

ఈ ఏడాది ఇంకో చిక్కు వచ్చి పడింది. ఒంటరిగా నడిపిన గంటల్లో పదైనా, దరఖాస్తు పెట్టే రోజుకు ఏడాది లోపలివై ఉండాలి. నావి కిందటి జూలైవి. అప్పుడు వాన మొహం చాటేసింది కాబట్టి ఎగరగలిగాను. ఈ జూలై దాటితే అవి పాతబడిపోతాయి. మిగిలింది ఒక దూర ప్రయాణం, ఒక పరీక్ష. నాలుగు మంచి రోజులు దొరికితే గట్టెక్కుతాను. దొరక్కపోతే మళ్లీ పది గంటలు, మళ్లీ లక్షన్నర.

జూలైలో ధర లేచింది. నాయన మార్కెట్ నుంచి ఇంటికి కూడా పోకుండా నేరుగా కుప్పం వచ్చి, కాలేజీ గేటు దగ్గర డబ్బు సంచి నా చేతిలో పెట్టాడు. "ఈపొద్దే బయల్దేరు. ఈ నెల్లోనే ముగించుకో" అన్నాడు. ప్రిన్సిపాల్ సెలవిస్తూనే, తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉంటుందని హామీ ఇవ్వలేనన్నాడు. సరేనని పోయాను.

పోయి ఏం చేశాను? రోజూ పొద్దున్నే బూట్లేసుకుని ఆకాశం చూశాను. శిక్షకుడు మధుసూదన్ సార్ కూడా ఆకాశం చూసి, "రేపు చూద్దాం" అనేవాడు. ఆ మాట విని విని చెవులు తూట్లు పడ్డాయి. సాయంత్రం నాయన ఫోను. "ఎట్లుండాది ఆడ?"

"మోడం నాయనా."

మబ్బు కమ్ముకోవడాన్ని మావైపు మోడం అంటాం. బతుకంతా దాని కోసం మొహం వాచిన మనిషి, ఫోనులో దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

తిట్టి ఊరుకుని ఉంటే బాగుండేది. ఒక మంగళవారం పొద్దున ఊరి చివర గంగమ్మ గుడికి పోయి, చేతులెత్తి, గట్టిగా మొక్కుకున్నాడు. "మోడం కట్టొద్దు తల్లీ. ఈ నెల దాటేదాకా ఒక్క సినుకు రాలొద్దు. నీకు పొట్టేలు ఇస్తా." వెనక కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు గంగులయ్య. మా పక్క చేను ఆయనది. వేరుశనగ విత్తి, వాన అడుక్కోవడానికి వచ్చాడు.

"ఏమప్పా మునిరాజా, నీకు మతి ఉండాదా?" అన్నాడట. "ఊరంతా సెనిక్కాయ ఏసి మోడం కోసం సూస్తాంటే, వద్దని మొక్కుతావా?"

"నా బిడ్డ పనప్పా" అన్నాడట నాయన. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ నెలంతా మా ఊళ్లో చినుకు పడలేదు. అంత దూరాన నా రన్‌వే మీద రోజూ పడింది. నెల దాటింది. నా గంటలు పాతబడ్డాయి.

తిరిగొస్తుంటే పుంగనూరు బస్సులో మా ఊరి నాగరత్నమ్మ నన్ను చూసి, సీటు మారి కూర్చుంది. దారి పొడుగునా వేరుశనగ చేలు వాడిపోయి ఉన్నాయి. మా టమోటా మాత్రం బోరు కింద పచ్చగా ఉంది. దాన్ని చూడటానికే సిగ్గేసింది.

అమ్మ గోవిందమ్మ నీళ్లిచ్చి, నాయనతో ఎవరూ మాట్లాడటం లేదని, దున్నకానికి ట్రాక్టరు కూడా ఇవ్వడం లేదని చెప్పింది. నాయన వసారాలో కూర్చుని సంతకు పోయే మాట ఎత్తాడు.

"సంతకు యాల?" అని అడిగాను.

"పొట్టేలు తేవల్ల. మొక్కు ఉండాది గదా."

నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. "ఏం సాధించినామని పొట్టేలు? ఆ దుడ్డుతో ఒక గంట ఎగరొచ్చు."

"వాన ఆగింది గదమ్మా. మాటంటే మాటే."

"ఆగింది ఈడ. నాకు ఆగాల్సింది ఆడ."

నాయన తల వంచుకున్నాడు. "నేను ఆ ఊరి పేరు సెప్పలేదమ్మా. సెప్పకపోతే ఆ తల్లికి ఎట్ల తెలుస్తాది? తనకు తెల్సిన సోట ఆపింది. తప్పు నాదే."

రుతుపవనాలు ఎందుకొస్తాయో బోర్డు మీద బొమ్మగీసి చెప్పేదాన్ని నేను. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట, "నన్ను ముందే అడిగుంటే చెప్పేదాన్ని గదా." అన్నాక ఏడుపొచ్చింది.

అప్పుడే గంగులయ్య వచ్చాడు. చేతిలో వాడిపోయిన వేరుశనగ మొక్క. దాన్ని వసారా గట్టు మీద పెట్టాడు. తిడతాడనుకుని నేనే లేచి నిలబడ్డాను.

"తిట్టేదానికి రాలేదు అమ్మణ్ణీ" అన్నాడు. "నేను ఇన్నేండ్లుగా టెంకాయలు కొడతాండా, ఆ తల్లి ఒక్క దినం నా మాట ఇన్లేదు. మీ నాయన ఒక్కసారి అడిగితే ఇనింది. పొట్టేలు ఇచ్చేటప్పుడు వాన రమ్మని ఆయన్నే అడగమను. ఇంగో వారం పోతే సేన్లో ఏమీ మిగల్దు."

 నాయన నా మొహంలోకి చూశాడు. ఆ పొద్దునే మధుసూదన్ సార్ ఫోను చేసి, పై వారం నుంచి అక్కడ తెరిపి ఉంటుందని, వస్తే పది గంటలూ చకచకా అయిపోతాయని చెప్పాడు. ఆ సంగతి నాయనకు తెలుసు. ఎగరలేదు కాబట్టి టమోటా డబ్బు అట్లే ఉంది. కిందటి జూలై తర్వాత మళ్లీ డబ్బూ ఆకాశమూ కలిసే వేళ. ఇప్పుడు అడుగు అంటే, ఆ వాన మళ్లీ నా రన్‌వే మీద కూడా పడొచ్చు. వద్దు అనాలంటే గట్టు మీద ఆ మొక్క ఉంది.

"నీ గంటలమ్మా?" అన్నాడు నాయన మెల్లగా.

"అడుగు నాయనా. కానీ ఈసారి వివరంగా అడుగు. మన ఊరి పేరు చెప్పు, మండలం చెప్పు, గంగులయ్య చేను సర్వే నంబరు గూడా చెప్పు. అంతవరకే కురవమను."

గంగులయ్య నవ్వలేదు. నంబరు చెప్పి, నాయన దాన్ని తప్పు లేకుండా అప్పజెప్పేదాకా అక్కడే నిలబడ్డాడు.