సూర్యావతి బొటనవేలు

తెల్లారేసరికి సూర్యావతి రేవులో ఉంటుంది. వశిష్ఠ గోదావరి గట్టున కొత్తమెరక రేవంటే పెద్ద రేవేం కాదు, పదిహేను పడవలు ఆగేపాటి ఇసక. మగాళ్ళు పడవల్లోంచి నెత్తళ్ళు, వేలెడేసి చేపలు, దింపుతారు. ఆడవాళ్ళు వాటిని కడిగి, పాత వలలు పరిచి ఆరేస్తారు. పద్దెనిమిది ఇళ్ళకి అదే పొలం, అదే గాదె. ఆ ఆడవాళ్ళ సంఘానికి సూర్యావతి పెద్ద. చదువు రాదు గానీ, సంఘం కాగితం ఏదొచ్చినా దాని మీద ఆమె వేలిముద్రే పడాలి.

ఆ బుధవారం నెత్తళ్ళు కడుగుతూ చూసుకుంటే కుడి బొటనవేలు నున్నగా ఉంది. ఒలిచిన కోడిగుడ్డులా, ఒక్క గీత లేదు.

ఆ ఊళ్ళో అదేం వింత కాదు. ఉన్నదేదైనా పరుల పాలైతే, దాన్ని రాసిచ్చిన వేలి గీతలు కూడా దాని వెంటే వెళ్ళిపోతాయి. అమ్ముకున్నా పోతాయి, మోసపోయినా పోతాయి. మోసంతో పోయినవైతే, ఆ కాగితం ఎదురుగా నిలబడి పిలిస్తే తిరిగొస్తాయి. సింహాద్రి పడవని వాళ్ళన్న కాజేసినప్పుడు అలాగే పోయి, కాగితం ఉన్న రాజోలు వెళ్ళి పిలిస్తే వచ్చాయి. అమ్ముకున్నవి మాత్రం గొంతు చించుకున్నా పలకవు.

అందుకే పక్కన కూర్చున్న భవానీదేవి ఆ వేలు చూసి, అడగాల్సిందే అడిగింది.

"ఏం రాసిచ్చేవే?"

"ఐసు పెట్టెలకే వేసేను. మొన్న శివశంకర్ తెచ్చిన కాగితం. నువ్వూ ఉన్నావు కదా."

"ఐసు పెట్టెలకి గీతలు పోవే."

శివశంకర్ వీరవెంకటరమణగారి మనిషి. రమణగారికి అమలాపురంలో కల్యాణ మండపాలు, ఊరూరా రొయ్యల చెరువులు. ఇప్పుడాయన కన్ను రేవు మీద పడింది. రిసార్టు, బోటు షికారు, ఇరవై షాపులు. సంఘానికి అభ్యంతరం లేదన్న కాగితం ఒకటుంటే, ప్లానింగు కమిటీ దగ్గర ఇక నల్లేరు మీద బండి నడకే.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. "సూర్యావతి రేవు అమ్మేసుకుంది" అని మొదట అన్నది భవానీదేవే. ముప్పై ఏళ్ళుగా ఒకే తట్టకి చెరోవైపు పట్టిన మనిషి. మర్నాడు సూర్యావతి వల పరిస్తే అటూ ఇటూ ఎవరూ కూర్చోలేదు. ఆమెకి ఏడుపొస్తే బాగుండేది. రాలేదు. కోపం వచ్చింది. అన్నం సయించనంత, కూర మాడిందో లేదో తెలియనంత కోపం.

"సోమవారం విచారణంట, అమలాపురంలో," అన్నాడు మొగుడు పెద్దిరాజు. "కాగితం అక్కడే ఉంటాది. ఎల్లి పిలిచేసుకుందాం. వచ్చేత్తాయి. గొడవ ఒదిలిపోద్ది."

"అప్పుడే ఒదిలిపోతే ఎలాగ?" అంది సూర్యావతి.

కమిటీ అంటే అయిదుగురు. మధ్యలో అధ్యక్షురాలు ఉమామహేశ్వరిగారు. మర్యాదస్తురాలే, కాకపోతే కాగితంలో లేనిది ఆవిడకి లోకంలో లేదు. ఆ సోమవారం మొదట ఎవరిదో సినిమా హాలుకి కార్లు పెట్టే చోటు చాలదని తిప్పి పంపించారు. నీళ్ళలోకి జారే బల్లల పార్కు ఒకటొస్తే, దాని మురుగు ఎటు పోతుందో గీసి తెమ్మన్నారు. మూడోది రేవు.

రమణగారు రంగుల పటం గోడకి తగిలించారు. నెత్తళ్ళు ఆరేసే చోట తెల్ల కుర్చీలు, గొడుగులు. గోదావరి నీలంగా ఉంది. ఏ నెలలోనూ అంత నీలంగా ఉండదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

"రేవు వాడుకునేవాళ్ళ సంఘం ఒప్పుకుందాండీ?" అన్నారు ఉమామహేశ్వరి.

"ఆయ్. సూర్యావతమ్మగారు మాకు అక్కగారిలాంటోరండి. సంతోషంగా వేలు వేసిచ్చేరండి," అంటూ రమణగారు కాగితం బల్ల మీద పెట్టారు.

సూర్యావతి లేచి నున్నటి వేలు చూపించింది. "ఐసు పెట్టెలని చెప్పి వేయించుకున్నారండి. ఇదుగోండి, గీతలు ఎల్లిపోయేయి."

ఉమామహేశ్వరి కళ్ళజోడు సర్దుకుని చూశారు. "అయ్యో, నిజమేనమ్మా, పోయాయి. కానీ ముద్ర కాగితం మీద ఉందండి. వేలి మీద లేకపోతే మేం చేసేదేం లేదు. కాగితం మీద లేకపోతే అప్పుడు ఫైలులో లోపం అంటాం."

"పిలవ్వే," అని పెద్దిరాజు మోచేత్తో పొడిచాడు. వెనక బెంచీ మీద భవానీదేవి, ఊరివాళ్ళు మరో నలుగురు మెడలు చాచారు. పలక్కపోతే అమ్ముకున్నట్టే.

సూర్యావతి బల్ల దగ్గరకి వెళ్ళి వంగింది. "నేనేనే. లే," అంది మెల్లగా.

ఊదారంగు గీతలు కదిలాయి. ఒకటొకటే కాగితం మీంచి లేచి, చీమల బారులా ఆమె చేతి వైపు బయల్దేరాయి. భవానీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దిరాజు హమ్మయ్య అనుకున్నాడు. సూర్యావతి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా దగ్గరికి రాకు," అంది. "నిన్ను అంత కష్టపడి తీసుకెళ్ళేరు కదా. ఆయన దగ్గరికే ఎల్లు. నేను పిలిచేదాకా అక్కడే ఉండు."

గీతలు కాసేపు ఆగాయి. తర్వాత బల్ల దాటి రమణగారి బొటనవేలెక్కి, చుట్టలు చుట్టుకుని కూర్చున్నాయి. ఆయన రుమాలుతో తుడిచారు. పోలేదు.

"కాగితం ఖాళీగా ఉందండీ," అన్నారు ఉమామహేశ్వరి. "తిరస్కరించాం. నాలుగోది తీయండి."

తిరుగు బస్సులో భవానీదేవి పక్కన చేరింది. "ఏవనుకోకే. నోరు జారేను."

రాజోలు దాకా సూర్యావతి బయటికే చూసింది. దిగాక అంది, "రేపట్నించి నెల్రోజులు తట్ట నువ్వొక్కదానివే మొయ్యి."

"మోత్తానే," అంది భవానీదేవి.

ఇక రమణగారి సంగతి. సాయంత్రానికి గీతలు ఆయన పది వేళ్ళకీ పాకాయి. ఫోను తెరుచుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో చెరువు అమ్మబోయి వేలు పెడితే, మెషీను 'సూర్యావతి, భర్త పెద్దిరాజు' అంది. ఆవిడ పక్కనుండి సరే అంటేనే ఈ వేలు చెల్లుతుందండి అన్నాడు గుమాస్తా. రమణగారు సున్నం రాశారు, గరుకు కాగితంతో రుద్దారు. చర్మం ఊడి కొత్తది వచ్చింది, సూర్యావతి గీతలతోనే.

ఆషాఢం మధ్యలో ఆయన కారు రేవు దగ్గర ఆగింది. ఇసకలో నడిచొచ్చి చేతులు జోడించారు.

"తప్పయిపోయిందండి, అక్కగారూ. చెరువు అమ్మకం ఆగిపోయిందండి. మీవి మీరు పిలిచేసుకోండి. ఏం కావాలన్నా ఇస్తానండి."

"పోనీలేవే, పెద్దమనిషి," అన్నాడు పెద్దిరాజు.

"పద్దెనిమిది ఇళ్ళ కూడు నవ్వుతా పట్టుకుపోయేరండి మీరు," అంది సూర్యావతి. "నా ఇసకలో నన్ను ఒంటిదాన్ని చేసేరు. నాకు కోపం ఇంకా తగ్గలేదండి."

"ఎప్పటికి తగ్గుద్దండి?"

"తెలీదండి. పోనీ ఆ చెరువు అమ్మకానికైనా రిజిస్ట్రారు దగ్గరికి రమ్మంటే వత్తాను. నెత్తళ్ళు ఎండేక. పని ఒదిలి రాలేను కదండీ. అందాకా కూర్చోండి."

ఆయన తెల్లబట్టలతో ఇసకలో కూర్చున్నారు. కాకులు వాలాయి. భవానీదేవి ఓ కర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. రమణగారు లేచి తోలారు. అటు తోలితే ఇటు వాలాయి. మధ్యాహ్నం దాకా తోలుతూనే ఉన్నారు. ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

మూడింటికి మబ్బు పట్టింది. సూర్యావతి ఓ నెత్తల్ని వేళ్ళ మధ్య విరవబోయింది. మెత్తగా వంగింది.

"ఇయ్యాళ ఎండలేదండీ. రేపు రండి," అంది.

రమణగారు ఆకాశం వంక చూశారు. ముందున్నవన్నీ వానరోజులే.