బడిలో అక్క అనకూడదు

బడి తెరిచే ముందురోజు సాయంత్రం ఆ ఇంట్లో పుస్తకాలకి అట్టలు వేసే పని జోరుగా సాగుతోంది. నాన్న బైండింగ్ షాపులో పనిచేస్తాడు కాబట్టి అట్ట వేయడమంటే ఆయనకి ఆషామాషీ వ్యవహారం కాదు. కాగితం నేలమీద పరిచి, పుస్తకం పెట్టి, మూలలు మడిచి బొటనవేలి గోటితో నొక్కాడంటే ఆ మడత ఏడాది తిరిగినా లేవదు. పక్కనే అమ్మ లేబుళ్ళు రాస్తోంది. చిన్నదాని లేబుల్ మీద రెండో తరగతి అని రాసింది. పెద్దదాని లేబుల్ తీసుకుని, కాస్త ఆగి, దానిమీదా రెండో తరగతి అనే రాసింది.

అమ్మ ఆగడం పెద్దది చూడనే చూసింది.

పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి ఏడు. పోయినేడు బడి తెరిచిన రెండు నెలలకే పెద్దది మేడమెట్ల మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఒకటికి రెండు ఆపరేషన్లు. కట్టు విప్పి, మళ్ళీ నడక నేర్చుకుని, వీధి చివరిదాకా సొంతంగా వెళ్ళొచ్చేసరికి ఏడు కాస్తా అయిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. లేకపోతే మాత్రం ఏం లాభం? పాత నేస్తాలంతా మేడమీద మూడో తరగతిలో కూర్చుంటారు, తను కింద, అదీ చెల్లెలితో పాటు. తలుచుకుంటేనే ఆ పిల్లకి తల కొట్టేసినట్టుంది.

పుస్తకాలూ పోయినేటివే. నాన్న వాటి కుట్లు విప్పి, మళ్ళీ కుట్టి, అంచులు సమంగా కోసి కొత్త అట్ట వేశాడు. "షాపులో కొన్నవాటికన్నా కొత్తగా లేవూ?" అన్నాడు మురిసిపోతూ. పైకి కొత్తవే. తెరిస్తే మాత్రం మొదటి నాలుగు పాఠాల నిండా పాత టీచర్ ఎర్ర టిక్కులు, ఐదో పాఠం నుంచి తెల్లకాగితంలా శుభ్రం.

పెద్దది చెల్లెల్ని పెరటి గుమ్మంలోకి లాక్కెళ్ళింది.

"రేపట్నించి బడిలో నన్ను అక్కా అనకూడదు."

"ఎందుకనీ?"

"అక్కవైతే మా క్లాసులో ఎందుకున్నావ్ అంటారు. ఫెయిలయ్యానని నవ్వుతారు."

చిన్నదానికి ఇది మింగుడుపడలేదు. మాటలొచ్చినప్పటినుంచీ అది రోజుకి వందసార్లు వాడే మాట అదొక్కటే మరి. "అయితే ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలవనా?"

"పేరు పెట్టావంటే పళ్ళు రాలగొడతా."

"అవే రాలిపోయాయిగా," అని చిన్నది ముందు పళ్ళు రెండూ లేని నోరు చూపించింది.

"అసలు పిలవకు. నేనెవరో తెలీనట్టు ఉండు."

చిన్నది బేరానికి దిగింది. ఏనుగు బొమ్మ ఉన్న రబ్బరు చేతిలో పడ్డాకగానీ ఒట్టు వేయలేదు. దాని నోరు ఆగదన్న మాట నిజమే గానీ, వేసిందంటే ఒట్టంటే ఒట్టే.

మర్నాడు బడి గేటు దగ్గర పెద్దది చెల్లెలి చెయ్యి వదిలేసి, "నువ్వు ముందు పో," అంది. వందదాకా లెక్కపెట్టి తను వెళ్ళింది. ఆ క్లాసులో తనని ఎరిగినవాళ్ళు లేరు. ఒకటో తరగతికి వెనకవైపు భవనం వేరు, గేటు వేరు కాబట్టి చిన్నదాని నేస్తాలు దీన్ని ఎప్పుడూ చూడలేదు. టీచరమ్మ కూడా ఈ ఏడే బదిలీ మీద వచ్చింది. పెద్దది చివరి బెంచీలో సర్దుకుంది. చిన్నది మొదటి బెంచీలో బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంది.

హాజరు వేస్తూ టీచరమ్మ తలెత్తింది. "మీ ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. అక్కచెల్లెళ్ళా?"

చిన్నది నోరు తెరిచి, టక్కున మూసుకుంది.

"కాదు టీచర్," అంది పెద్దది.

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట! చిన్నది ఒక్కసారి వెనక్కి తిరిగింది. కోపంగా కాదు, ఊరికే చూసింది. అలా ఊరికే చూడటమే పెద్దదానికి ముల్లులా గుచ్చుకుంది.

మొదటి పాఠం తెరవమన్నప్పుడు పెద్దది ఎర్ర టిక్కు మీద అరచెయ్యి బోర్లించింది. పక్క పిల్ల మెడ సాచి, "నీకప్పుడే టిక్కు పెట్టేశారా?" అని నోరెళ్ళబెట్టింది. "ఇంట్లో చదివేశాలే," అని అప్పటికి గండం గట్టెక్కించుకుంది.

విరామం అయ్యాక గంట కొట్టారు. అందరూ వచ్చి కూర్చున్నారు, మొదటి బెంచీలో మాత్రం ఒక చోటు ఖాళీ. టీచరమ్మ లెక్కపెట్టేలోపే వరండా చివర బాత్రూమ్ తలుపు దబదబా మోగింది. క్లాసు క్లాసంతా అటు పరిగెత్తింది.

"గడియ రావట్లేదు," అంటోంది లోపల చిన్న గొంతు.

కొత్తగా చేరిన ఆయా వచ్చి తలుపు గుంజింది, తట్టింది, "బిగుసుకుపోయింది టీచర్, వడ్రంగిని పిలవాల్సిందే," అని తేల్చేసింది. లోపల ఏడుపు మొదలైంది.

పెద్దది అందరి వెనకా నిలబడి ఉంది. ఆ గడియ సంగతి దానికి తెలుసు. పోయినేడు అదే గడియ తననీ ఒకసారి ఏడిపించింది. మోకాలితో తలుపు నెట్టి, గడియ పైకెత్తి లాగితే చాలు, వచ్చేస్తుంది. ఆ కిటుకు తెలిసిన పాత నేస్తాలంతా మేడమీద ఉన్నారు, కింద చెప్పగలిగేది తనొక్కతే. చెబితే టీచరమ్మ అడిగే మొదటి ప్రశ్న, నీకెలా తెలుసు అని. ఇంకెవరైనా వచ్చి తీసేస్తే బాగుండునని అటూ ఇటూ చూసింది. ఎవరూ రాలేదు.

టీచరమ్మ తలుపుకి చెవి ఆనించింది. "భయపడకు తల్లీ. ఈ బడిలో నీవాళ్ళెవరైనా ఉన్నారా? పిలిపిస్తాను."

లోపల ఏడుపు ఆగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఎవరూ లేరు టీచర్."

ఆ ఒట్టు వేయించుకున్నది పెద్దదే. మూడో తరగతివాళ్ళ నవ్వూ, పక్క పిల్ల ఎగతాళీ అన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. "జరగండి, జరగండి," అంటూ అందర్నీ తోసుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది.

"ఏడవకు. మోకాలితో తలుపు గట్టిగా నెట్టు. నెట్టి, గడియ పైకెత్తి లాగు."

లోపల్నుంచి జాగ్రత్తగా ఒక ప్రశ్న వచ్చింది.

"ఎవరది?"

గొంతు గుర్తుపట్టక కాదు. ఒట్టు.

పెద్దది వరండా అంతా వినబడేలా అరిచింది. "నేనేనే! మీ అక్కని!"

గడియ టంగుమని ఊడింది. తలుపు తెరుచుకోగానే చిన్నది వచ్చి దాని నడుం చుట్టేసి, పొద్దుట్నించీ ఉగ్గబట్టుకున్నదంతా ఒక్క మాటలో పెట్టి "అక్కా!" అని భోరుమంది.

"నీకెలా తెలుసు ఈ గడియ సంగతి?" అని అడగనే అడిగింది టీచరమ్మ.

"పోయినేడు కూడా ఇదే క్లాసు టీచర్. కాలు విరిగి ఇంట్లోనే ఉండిపోయా. ఇందాక కాదని అబద్ధం చెప్పా. ఇది మా చెల్లెలే."

టీచరమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "అయితే నాకన్నా నువ్వే సీనియర్‌వి. ఈ గడియ ఎలా తీయాలో అందరికీ నేర్పించు, నాక్కూడా," అంది.

పిల్లలు వరసకట్టారు. నవ్వుతారనుకున్నవాళ్ళు నవ్వలేదు. "నిజంగా ఎముక విరిగిందా? చప్పుడు వినిపించిందా?" అని ఒకడు కళ్ళింత చేసుకుని అడిగాడు. పక్క బెంచీ పిల్ల మచ్చ చూపించమని ప్రాణం తీసింది. సాయంత్రానికల్లా పెన్సిల్ ముక్కు విరిగినా, సీసా మూత రాకపోయినా "అక్కా, ఇది చూడవా," అని చివరి బెంచీకే రావడం మొదలైంది.

చిన్నది ఓపికపట్టి ఓపికపట్టి, ఇంటి గంట కొట్టగానే బెంచీ ఎక్కి నిలబడింది.

"మా అక్క మీకేం అక్క కాదు! మీరు పేరు పెట్టి పిలవండి!"

ఇంటిదారిలో వీధి మలుపు దాటాక చిన్నది, "ఇప్పుడు అనొచ్చా?" అంది.

"ఏంటి?"

"అదే."

"అనవే."

"అక్కా. అక్కా. అక్కా. అక్కా..." అని అది గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. వేరే రోజైతే నోర్ముయ్యమని ఒక్కటిచ్చేదే. ఆ వేళ పెద్దది చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా, అన్నిసార్లూ పలికింది.