మీ ఇష్టమన్న మహారాణి

మామగారి మీద మైథిలికి పెద్దగా ఫిర్యాదులు లేవు. ఉన్నదల్లా ఒక్కటే. శ్రీహరిరావు గారు సచివాలయం నుంచి రిటైరై పదేళ్ళు దాటింది గానీ, ఆ సంగతి ఆయన చేతిలోని ఎర్రకలానికి ఇంకా ఎవరూ తెలియజేయలేదు. పేపరు బిల్లు మీద, మనవరాలు వర్షిత ప్రోగ్రెస్ కార్డు మీద, ఆఖరికి ఫ్రిజ్‌కి అంటించిన కూరగాయల చీటీ మీద కూడా "చూశాను. చర్చించవలెను" అని రాసి పొడి సంతకం పెడతారు. ఒకసారి చీటీలో వంకాయల ఎదురుగా "అవసరమా?" అని రాశారు. ఆ వారమంతా ఇంట్లో వంకాయే వండింది మైథిలి.

ఇప్పుడా కలం ఆమె రాణి మీద పడింది.

మైథిలి బీఏలో రాజనీతిశాస్త్రం చదివింది. ఆ చదువు పెళ్ళయ్యాక పాలు పొంగకుండా చూడటానికి ఎక్కడా పనికి రాలేదు. అందుకని, భర్త ఆఫీసుకీ కూతురు బడికీ వెళ్ళాక దొరికే కాస్త ఖాళీలో, ఫోన్‌లో కథలు వేసే ఒక యాప్‌కి వారం వారం సీరియల్ రాయడం మొదలుపెట్టింది. కురంగదేశపు మహారాణి చారుమతీదేవి జీవితం, పరిపాలన. కురంగదేశం ఏ పటంలోనూ లేదు. ఉండి ఉంటే మామగారు దాని సరిహద్దులు కూడా సరిచేసేవారు.

చారుమతికి ఇరవయ్యో ఏట కిరీటం వచ్చింది. రావలసింది అన్నగారికి. ఆయనకి సింహాసనం కన్నా పావురాల మీద మక్కువ ఎక్కువై, "నాకొద్దు, చెల్లాయికివ్వండి" అని మేడ మీదకెక్కి కూర్చున్నాడు. తీరా ఆమె దాకా వచ్చేసరికి కిరీటంలో బరువు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ప్రజలు రాజ్యాంగం రాసుకున్నారు, పార్లమెంటు కట్టుకున్నారు. జెండా రాణిదే, సైన్యం రాణిదే, అడవిలో జింకలన్నీ రాణివే. ఒక జింకకి గడ్డి వెయ్యాలంటే మాత్రం మంత్రివర్గం తీర్మానించాలి. పోస్టు బిళ్ళ మీద ఆమె బొమ్మే, ముక్కు మాత్రం వేరెవరిదో. సభలో ఆమె ప్రసంగం చదువుతుంది. రాసేది ప్రధానమంత్రి. ఆయన చట్టం తెచ్చి ముందు పెడితే, రాజ్యాంగం ప్రకారం ఆమె ఒకే ఒక్క మాట అనాలి: "మీ ఇష్టం." అని, సంతకం పెట్టాలి. దాంతో అది చట్టమైపోతుంది. పెళ్ళీ అలాగే అయింది, పిల్లల పేర్లూ అలాగే పెట్టారు, నలభై ఏళ్ళ ఏలుబడీ అలాగే గడిచింది.

ఆ మాట మైథిలి కల్పించింది కాదు. అత్తగారు నాగమణి గారి నోట్లోంచి ఎత్తుకొచ్చింది.

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ ఇల్లు నాగమణి గారి పేరునే ఉంది. భార్య పేరున కొంటే కలిసొస్తుందని ఎవరో జ్యోతిష్కుడు చెబితే మామగారు అలా కొన్నారు. గేటు మీద "నాగమణి నిలయం" అని ఇత్తడి పలక. కరెంటు ఆవిడ పేరునే వస్తుంది, నీళ్ళు ఆవిడ పేరునే వస్తాయి. ఫ్యాను ఏ స్పీడులో తిరగాలో మాత్రం మామగారు నిర్ణయిస్తారు. ఆవిడని అడిగితే "మీ ఇష్టం" అంటుంది.

ఇల్లు అమ్మేసి నార్సింగిలో పన్నెండో అంతస్తులో ఫ్లాటు కొందామన్నప్పుడు కూడా అదే అంది. మైథిలి భర్త లక్ష్మీకాంత్ ఆఫీసు గచ్చిబౌలిలో. ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరేసరికి మనిషి పిండిన నిమ్మచెక్కలా ఉంటాడు. కాబట్టి తండ్రీ కొడుకులు కూర్చుని తీర్మానం చేశారు. నిజం చెప్పాలంటే మైథిలి కూడా వ్యతిరేకంగా ఓటు వెయ్యలేదు. కొత్త వంటింట్లో కిటికీ ఉంది. అలమరాలకి పచ్చరంగు కూడా తనే ఎంచుకుంది.

సోమవారం రిజిస్ట్రేషన్. అత్తగారి సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ సంగతి ఖాయమైన దగ్గర్నుంచి నాగమణి గారు రోజుకి రెండుసార్లు వాకిలి కడుగుతోంది. కంచంలో అన్నం కలుపుతోంది గానీ తినడం లేదు. "అక్కడ మల్లెపందిరి ఎక్కడ వేస్తాం?" అని ఒకసారి అడిగింది. "బాల్కనీలో కుండీ పెడదాం అమ్మా" అన్నాడు కొడుకు. "మీ ఇష్టం" అని లేచి, కడిగిన వాకిలే మళ్ళీ కడిగింది.

మైథిలికి అర్థమైంది. అర్థమైనందుకు చిరాకు కూడా వేసింది, ఎందుకంటే పచ్చరంగు అలమరాలు కళ్ళముందు మెదులుతున్నాయి. అయినా మామగారి దగ్గరకెళ్ళి, "అత్తయ్యగారికి ఈ ఇల్లు వదలడం ఇష్టం లేదేమో మామయ్యగారూ" అంది.

"ఎవరు చెప్పారు?" అని ఆయన అప్పటికప్పుడు భార్యని పిలిచారు. "ఇదిగో, ఇల్లు అమ్మడానికి నీకేమైనా అభ్యంతరమా?"

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. "ఇప్పుడు నేనేమంటాను? మీ ఇష్టం."

"విన్నావా అమ్మా!" అన్నారాయన, ఫైలు మూసేసిన తృప్తితో.

చేసేదేం లేక మైథిలి వెళ్ళి కురంగదేశపు రాజధానిని మార్చింది. అంటే ప్రధానమంత్రి చేత ఒక చట్టం తెప్పించింది: బజార్లూ, పాత బురుజులూ ఉన్న పట్నం వద్దు, ఊరికి దూరంగా రాతిగుట్ట మీద కొత్త రాజధాని కడదాం, రాణిగారు కూడా అక్కడికే రావాలి.

అంతే, దేశంలో లేని గొడవ ఇంట్లో మొదలైంది. యాప్‌లో పాఠకులు "మేడమ్, రాణి చేత ఏదైనా చేయించండి" అని ఒకరు, "ప్రధానిని పాము చేత కరిపించండి" అని ఇంకొకరు వెంటపడ్డారు. లక్ష్మీకాంత్‌కి రాణిగారి భర్తని రాజు అనకపోవడం నచ్చలేదు. "రాజు పెళ్ళాం రాణి అయినప్పుడు, రాణి మొగుడు రాజెందుకు కాడు? పాపం, అతనికి ఒక్క డైలాగూ లేదు!" అన్నాడు. మామగారు ప్రతి భాగాన్నీ కొడుకు చేత ఆఫీసులో ప్రింటు తీయించుకుని ఎర్రకలంతో "ఏ అధికరణం ప్రకారం?" అని రాసి, మైథిలి పప్పు తిరగమోత పెడుతుండగా తెచ్చి స్టవ్వు పక్కన పెట్టేవారు.

"రాజ్యాంగబద్ధమైన రాణి కాదనడానికి వీల్లేదమ్మా. ఆమె ఏలుతుంది గానీ పాలించదు."

"పప్పు మాడుతోంది మామయ్యగారూ."

"అదే చెబుతున్నాను. ఆమె పప్పు దింపడానికీ వీల్లేదు."

వీళ్ళందరూ ఒక ఎత్తు. పంచాంగం తప్ప మరేదీ చదవని అత్తగారు, రోజూ కూర తరుగుతూ, తలెత్తకుండా, "ఆ రాణి ఏమందే?" అని అడగడం ఇంకొక ఎత్తు.

"ఇంకా ఏమీ అనలేదండీ."

"ఊఁ. అననీ."

ఆదివారం సాయంత్రం వసారాలో అందరూ ఉన్న వేళ చూసి మైథిలి కొత్త భాగం చదువుతానంది. మామూలుగా ఆమె అలా అడగదు. భర్త అనుమానంగా చూశాడు గానీ కుర్చీ లాక్కున్నాడు. మామగారు ప్రింటు లేదని నొచ్చుకుని, తెల్లకాగితం ఒకటి ఒళ్ళో పెట్టుకున్నారు. నాగమణి గారు కింద చాప మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సరిగ్గా అప్పుడే రెండు సందుల అవతల పాడి పెట్టుకున్న లలితమ్మ పాలక్యాన్‌తో వచ్చి, "ఏంది, సీరియలా? ఆగుండ్రి, నేను గూడ ఇంట" అని గట్టు మీద కూలబడింది.

మైథిలి చదివింది. ప్రధానమంత్రి చట్టం తెచ్చాడు. రాణి కిటికీలోంచి పాత పట్నం కేసి చూసింది. బజారులో దీపాలు పెడుతున్నారు. ఏ దుకాణం ముందు ఎవరు వెలిగిస్తారో ఆమెకి తెలుసు. ప్రధానమంత్రి దగ్గాడు. రాణి ఇటు తిరిగి, "మీ ఇష్టం" అంది.

చదవడం ఆపేసింది మైథిలి.

"బాగుంది," అన్నారు మామగారు. "చట్టం పాసైంది. ఇప్పటికి దారిలో పడ్డావమ్మా."

"గట్లెట్ల పాసైతది సారూ?" అంది లలితమ్మ. "ఆమె వద్దన్నది గద!"

"ఎక్కడంది? 'మీ ఇష్టం' అంది. అంటే సమ్మతి."

"మీ ఆఫీసుల గట్లుంటదేమో. మా ఇంట్ల నేను 'నీ ఇష్టం' అన్ననంటే, మా పెనిమిటి రామ్‌చందర్ తొడుక్కున్న అంగీ ఇడిచి మళ్ళ కొయ్యకు తగిలిస్తడు. మొన్న గట్లనే, బర్లను అమ్మి జిరాక్స్ దుకాణం పెడ్తనన్నడు. 'నీ ఇష్టం' అన్న. గంతే! ఇయ్యాల్టికి గవే బర్లకు కుడితి పోస్తుండు."

లక్ష్మీకాంత్ నవ్వాడు. మామగారు నవ్వలేదు. "మాటకి ఒక అర్థం ఉంటుందమ్మా. పదం పదమే. కావాలంటే నిఘంటువు చూడు."

"నిఘంటువులో మొగుడూ పెళ్ళాలు ఉండరు కదండీ," అంది మైథిలి మెల్లగా. తర్వాత చాప కేసి తిరిగింది. "అత్తయ్యగారూ, మీరు చెప్పండి. మీరేమంటే అదే రాస్తాను. రాణి ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?"

నాగమణి గారు ఒక చిక్కుడుకాయ ఈనె మొదలు నుంచి చివరిదాకా తెగకుండా తీసింది.

"మీ ఇష్టం," అంది.

లలితమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో నాగమణమ్మా! గిప్పుడు గూడ గదే మాటనా? నోరు తెరువు తల్లీ!"

మైథిలికి ఒళ్ళు మండిపోయింది. పచ్చరంగు అలమరాలని తన చేతులారా నీళ్ళలో వదిలేసి, ఇంత నాటకం ఆడి, ఆఖరికి దొరికింది ఇదా? ఫోన్ మూసెయ్యబోయింది.

"ఆ రాణి సంతకం పెట్టదు," అంది నాగమణి గారు.

"పెట్టి తీరాలి," అన్నారు మామగారు అలవాటుగా. "లేకపోతే రాజ్యాంగ సంక్షోభం వస్తుంది."

"రానివ్వండి."

ఆయన కలం మూత తీసినవారు తీసినట్టే ఉండిపోయారు. ఆవిడ గిన్నె పక్కకి జరిపింది. "రేపు నేనూ పెట్టను. ఇల్లు అమ్మడం నాకిష్టం లేదు."

"అదేంటమ్మా, ఇప్పుడు చెప్తే ఎలా!" అన్నాడు కొడుకు. "కొనేవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు!"

"ఇదిగో, నువ్వే కదా మీ ఇష్టం అన్నావు?" అన్నారు మామగారు. ఆయన గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువగా వినిపించింది. "మైథిలి ఎదురుగానే అడిగాను కదా?"

"అన్నాను. మీ ఇష్టం అన్నాను. నా ఇష్టం అన్నానా?"

ఆయన కలానికి మూత పెట్టేశారు.

"అయినా మీరెప్పుడు అడిగారండీ? చెప్పారు. అందరికీ చెప్పేశాక వచ్చి, ఏమంటావ్ అన్నారు. అప్పుడు ఏమనాలి? భీమవరం నుంచి ఈ సందులోకి తెచ్చినప్పుడూ అంతే. ఒక్క ముక్క ఉర్దూ రాదు నాకు. ఏడాదిపాటు ఇదిగో ఈ వసారాలోనే కూర్చుని ఏడ్చాను. కూరలవాడితో దెబ్బలాడటానికి భాష నేర్చుకున్నాను. ఇప్పుడు చార్మినార్ దగ్గర గాజుల భాయ్ నా చెయ్యి చూడకుండానే సైజు తీస్తాడు. యాకుత్‌పురాలో రైలెక్కినా, 'అమ్మా, కూర్చోండి' అని ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. పన్నెండో అంతస్తులో ఎవరున్నారు నాకు? లిఫ్టుతో మాట్లాడనా? ఈ వయసులో ఇంకో దేశం నేర్చుకోలేను నేను."

లలితమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. లక్ష్మీకాంత్ తల్లి పక్కన చాప మీదకి దిగి, "నా ట్రాఫిక్ సంగతి తర్వాత చూద్దాంలే, నువ్వు అన్నం మానెయ్యకు" అన్నాడు. అతను అది గమనించాడని మైథిలి అనుకోలేదు. కిటికీ ఉన్న వంటిల్లు ఒకసారి గుర్తొచ్చింది. ఉన్న వంటింటికే కిటికీ కొట్టించమని అడుగుతుంది. కాదంటే ఏ మాట అనాలో ఇప్పుడు తెలిసింది.

మామగారు గేటు కేసి చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, ఫైలులో రాస్తున్నట్టుగా, "సరే. ఈ విషయంలో ఒక పొరపాటు జరిగినట్లు తెలియవస్తోంది" అన్నారు.

"ఎవలతోని జరిగింది సారూ?" అంది లలితమ్మ.

"అంటే... మొత్తం మీద జరిగింది."

"మొత్తం మీదంటే? పోలీసోళ్ళొచ్చి జేసిన్రా?"

"లలితమ్మా, నీ బర్లు ఎదురుచూస్తుంటాయి, వెళ్ళు."

"చూడనియ్యి సారూ. గిది ఇని పోత."

నాగమణి గారు చిక్కుడుకాయల గిన్నె మళ్ళీ ముందుకి లాక్కుంది గానీ, చెయ్యి అందులో పెట్టలేదు. ఆవిడ ఆగింది. కొడుకూ కోడలూ కూడా ఆగారు.

శ్రీహరిరావు గారు కుర్చీలోంచి లేచారు. లేచాక ఏం చెయ్యాలో తోచలేదు. మోకాళ్ళ నొప్పులతో కిందకి వంగి, చాప అంచు మీద ఇబ్బందిగా కూర్చున్నారు.

"నేనే," అన్నారు. తర్వాత వసారాలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా, "నాదే తప్పు నాగమణీ. అడగాల్సింది."