ఇసక్కి ఉతకని చీర

కొచ్చి కోట వెనక చాకిరేవులో పొద్దున ఆరింటికల్లా నలభై బండల మీద బట్టలు పడుతుంటాయి. ఇంటికో తొట్టి, తొట్టికో బండ, మధ్యలో నడుమెత్తు గోడలు. ఎప్పుడో తాతల కాలంలో తిరునల్వేలి వైపు నుంచి సిపాయిల బట్టలు ఉతకడానికి వచ్చినవాళ్ళు వీళ్ళు. ఊరంతా మలయాళం మాట్లాడినా రేవులో మాత్రం ఈనాటికీ తమిళమే.

బట్ట బండకి తగిలిన ప్రతిసారీ ఉతికేవాళ్ళు "ష్షు... ష్షు" అని గట్టిగా ఊపిరి వదులుతారు. ఆయాసం తీరడానికని బయటివాళ్ళు అనుకుంటారు. అది కాదు. బట్ట కట్టుకుని మనిషి ఆడిన మాటలు నీళ్ళలో నానితే ఊడి వస్తాయి. అవి చెవిన పడకుండా ఆ చప్పుడు. నూలుబట్ట మొదటి దెబ్బకే అంతా చెప్పేస్తుంది, అదీ కట్టుకున్నవాళ్ళ గొంతుతోనే. పట్టు గుసగుసలాడుతుంది. ఉన్ని మూడు నీళ్ళు మారేదాకా నోరు విప్పదు. పాలిస్టరుకి ఏమీ గుర్తుండదు, కాబట్టి దాన్ని ఉతికేటప్పుడు అందరూ హాయిగా కబుర్లు చెప్పుకుంటారు. పొరపాటున ఏదైనా విన్నా అది తూములో పోవాలి, రేవు దాటకూడదు. అది అక్కడి కట్టుబాటు.

పదకొండో తొట్టి ఇసక్కియమ్మాళ్‌ది. మొగుడు పోయేనాటికి ఆమెకి ఇరవై ఆరేళ్ళు, సబ్బు నురగ చూడటం తప్ప పని రాదు. పక్క తొట్టి సుడలైముత్తు, వరసకి మొగుడి మేనమామ, ఆమెని చేరదీసి అన్నీ నేర్పాడు. ఆసుపత్రి దుప్పట్లు సోడాలో ఉడకాలి. నేవీవాళ్ళ తెల్లబట్టలకి నీలిమందు ఒక్క చుక్క ఎక్కువైనా పరువు పోతుంది. శాలువని తీగె మీద వేలాడదీస్తే సాగిపోతుంది, చాప మీద పరిచి ఆరబెట్టాలి. పట్టు మాత్రం ఆరేళ్ళ తర్వాత నేర్పాడు. "పట్టుని ఉతకం ఇసక్కీ, ఒప్పిస్తాం" అనేవాడు. చెర్లాయి వీధిలోని కొంకణీల పట్టుచీరలన్నీ ఆయన చేతికే వచ్చేవి.

ఆ కార్తీకంలో ఆయనకి జ్వరం తగిలింది. ఆ చెర్లాయి వీధి సుమతీబాయి కూతురి పెళ్ళికని తన అత్తగారి చీర పంపింది. పసుపు పట్టు, ఎర్ర అంచు, డెబ్బై ఏళ్ళనాటిది. ముత్తు ఆ మూట ఇసక్కి చేతిలో పెట్టి, చల్లనీళ్ళు, కుంకుడురసం, అంతే అని చెప్పి పడుకున్నాడు. ఇసక్కికి ఆ రోజు ఆసుపత్రి పని మీదపడి ఉంది. దుప్పట్లు తీసిన తొట్టిని కడగకుండానే, పైపైన నీళ్ళు మార్చి, చీర ముంచింది. అడుగున సోడా ఉంది. ఆమె చూస్తుండగానే ఎర్ర అంచు కరిగి పసుపులోకి పాకింది.

రెండో రోజు సుమతీబాయి తనే వచ్చింది. చీర విప్పి చూసి, ఏడవలేదు, తిట్టలేదు. ఎవరు ఉతికారని మాత్రం అడిగింది. ముత్తు అప్పుడే లేచి, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇసక్కి ఆయన వైపు చూడకుండా అంది:

"మామే ఉతికాడమ్మా. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి, చెప్తే వినడు."

నోరు దాటాక ఆ మాట తనకే వినబడింది. ముత్తు ఒక్క క్షణం ఆమెని చూశాడు. తర్వాత సుమతీబాయికి చేతులు జోడించాడు. తప్పు తనదేనన్నాడు.

ఆ నెలనుంచి చెర్లాయి పట్టు అంతా ఇసక్కి తొట్టికి వచ్చింది. ముత్తు తొట్టికి ఆసుపత్రి దుప్పట్లు వెళ్ళాయి. సోడాకి ఆయన వేళ్ళు పగిలి నెత్తురు కారేవి. ఆమెతో పోట్లాడలేదు, మాట్లాడటం మానేశాడంతే.

ఆ మాట అన్న రోజు ఇసక్కి కట్టుకున్నది ముతక నూలు చీర, నీలం గళ్ళది. దాన్ని బండ మీద వేస్తే, ఎంత ష్షు అన్నా, ఆ మాట పుట్టించింది తనేనని రేవంతా గొంతు గుర్తుపడుతుందని ఆమెకి తెలుసు. మడిచి పెట్టె అడుగున దాచింది. ఊళ్ళో అందరి మురికీ వదిలించే మనిషి ఇంట్లో ఒక చీర ఉతక్కుండా ఎనిమిది నెలలు ఉండిపోయింది. వానలు పట్టాక పెట్టె తెరిస్తే చెమ్మ వాసన. పక్క చీరలకి బూజు పాకింది. తనతో ఉండే ఆడపడుచు పేచ్చి, ఎలకేమైనా చచ్చిందా వదినా అని అడిగితే, ఇసక్కి చూస్తాలే అని పెట్టె మీద కూర్చుంది.

ఒకసారి తెల్లవారకముందే ఆ చీరని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళింది. ఉప్పునీళ్ళలో మాట ఊడలేదు, మురికీ ఊడలేదు. ఇంకోసారి, యంత్రాల హోరులో మాట వినబడదని, పడవెక్కి ఎర్నాకుళం వెళ్ళి, ఒక లాండ్రీ ముందు వరసలో నిలబడింది. ఆమె వంతు వచ్చాక బల్ల వెనకాయన చీర ముట్టుకోకముందు ఆమె చేతులు చూశాడు. నానిన చర్మం, అరిగిన గోళ్ళు.

"అక్కా, మీరు రేవు వాళ్ళు కదూ? మా నాన్నా అక్కడివాడే. ఇది మీరు ఉతుక్కోలేరా?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. ఆయన వెక్కిరించలేదు, ఊరికే అడిగాడు. ఇసక్కి మూట లాక్కుని రేవుదాకా తల ఎత్తకుండా వచ్చింది.

వానలు ఇంకా పడుతుండగానే, ఆడి నెలలో, కబురు తెలిసింది. ముత్తు చేతులు ఇక పనికిరావని, తొట్టి వేరేవాళ్ళకి ఇమ్మని కులపెద్దలు అనుకుంటున్నారు. తూత్తుకుడిలో కొడుకు దగ్గరికి పోతానని ముత్తు ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున ఇస్త్రీ సావిట్లో అందరూ కూర్చుని మాట ఖాయం చేస్తారు. వణికే చేతులకి పట్టు ఎవరిస్తారు, దుప్పట్లు ఎన్నాళ్ళు మోస్తాడు, అని పేచ్చి అన్నం వడ్డిస్తూ అంది. అది ఇసక్కి అన్న మాటే. ఊళ్ళో తిరిగి తిరిగి, అందరికీ తెలిసిన నిజమై, మళ్ళీ ఆమె కంచం దగ్గరికే వచ్చింది. ఆమె అన్నం వదిలేసి చేయి కడిగేసుకుంది.

ఆదివారం ఇస్త్రీపెట్టెల్లో బొగ్గులు రాజేస్తూ పెద్దలంతా చేరారు. ఇసక్కి నీలం గళ్ళ చీర తెచ్చి తొట్టిలో ముంచింది. ఆదివారం ఎవరూ ఉతకరు. నలుగురూ తిరిగి చూశారు. ఆమె చీర పైకెత్తింది, నోరు మూసుకుంది, ఊపిరి కూడా వదలకుండా బండ మీద కొట్టింది.

మాట ఆమె గొంతుతోనే వచ్చింది, రేవు ఈ కొసనుంచి ఆ కొసకి. మామే ఉతికాడమ్మా. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి.

ఇసక్కి ముఖం కాలిపోతోంది. నేల చూస్తూనే చెప్పింది, "ఆ చీర ఉతికింది నేను. సోడా తొట్టిలో ముంచాను."

ముత్తు లేచి వచ్చి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. తడిచీర కొంగు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"నువ్వే చెప్తావనుకున్నాను, ఆ రోజే. పోనీ మర్నాడు. తర్వాత ఎదురుచూడటం మానేశాను." కొంగు వదిలేశాడు. "బూజు పట్టింది. మజ్జిగలో నానబెట్టు. మచ్చ పూర్తిగా పోదు."

తొట్టి ముత్తుదేనని పెద్దలు ఆ పూటే తేల్చారు. సావిట్లోంచి వెళ్ళేటప్పుడు అందరూ ఇసక్కి తొట్టి పక్కనుంచి కాక చుట్టు తిరిగి వెళ్ళారు. సాయంత్రం ఆమె చెర్లాయి వెళ్ళి సుమతీబాయికి అంతా చెప్పింది. సుమతీబాయి విని, ఆమెని గుమ్మం బయటే ఉంచి తలుపు వేసేసింది. ఆ వారం నుంచి పట్టు మళ్ళీ ముత్తు దగ్గరికీ, దుప్పట్లు ఇసక్కి దగ్గరికీ మారాయి. ఆమె చేతులు పగిలాయి. చెప్పుకోడానికి ఎవరూ లేరు, చెప్పుకోవాలనీ లేదు.

చిత్తిరై ఎండలు వచ్చేదాకా ముత్తు ఆమెని పలకరించలేదు. ఒక పొద్దున గోడ అవతల్నుంచి పిలిచాడు. తొమ్మిది గజాల పట్టుచీర నీళ్ళలోంచి తీస్తున్నాడు. తడిసిన పట్టు బరువు, ఒక్క మనిషి ఎత్తితే మధ్యలో చిరుగుతుంది. ఇసక్కి చేతులు తుడుచుకుని గోడ దాటి వెళ్ళి, దగ్గరికి వెళ్ళొచ్చో లేదో తెలియక నిలబడింది.

"ఆ కొస పట్టుకో," అన్నాడాయన. "లాగకు."