మిషన్లు ముందే తప్పుకున్నాయి

ఆ ఉదయం క్వారీలో మొదట జరిగినవి జేసీబీలు. వాటి వెనక డీజిల్ ట్యాంకరు, ఆ వెనక కాంట్రాక్టరు సుధాకర్ కూర్చునే ఏసీ రేకుల గది. అన్నీ మట్టిదిబ్బ కింది నుంచి ఎదురు గుట్ట మీదికి చేరాయి. చివరికి వాచ్‌మన్ కుక్కను కూడా తీసుకెళ్లి అక్కడ కట్టేశారు. దిబ్బ కింద మిగిలింది తెల్లరాయి ఏరే ఆడవాళ్లే. వాళ్లను జరపాలని ఎవరికీ తోచలేదు.

చిల్లకూరు పక్క పల్లెల నుంచి ఆటోల్లో కిక్కిరిసి వస్తారు వాళ్లంతా. తవ్విపోసిన మట్టీ రాళ్లూ కొండకు కొండే అయి వాళ్ల నెత్తిన నిలబడి ఉంది. దాని పైన వానమబ్బు.

"మే చెంచమ్మా, కుక్క యాడికి పోయింది?" అంది మగ్దలీనమ్మ గంప దించుతూ.

"దానికి పెద్దోళ్ల సిఫార్సు ఉన్నట్టుందిలే."

నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ వంగలేదు.

కంపెనీలో సర్వే పని చేసే వినీల అప్పుడే కిందికి వచ్చింది. ఫోను చాపింది. తెరమీద గుట్టలన్నీ ఆకుపచ్చ. దిబ్బ ఒక్కటే ఎరుపు.

"ఉపగ్రహం పైనుంచి రాడార్ తరంగాలు పంపిస్తాదక్కా. తిరిగొచ్చినవాటిని పోయినసారివాటితో పోలిస్తే నేల వేలెడు కదిలినా తెలిసిపోతాది. మబ్బు అడ్డం కాదు. ఎర్రగా ఉండేచోట దిబ్బ జారతా ఉంది. ప్రతిసారీ ముందుకంటే ఎక్కువగా. నిన్ననే సుధాకర్ గారికి చూపించినా."

"అంటే ఆకాశానికి తెలుసు, కుక్కకు తెలుసు" అంది మగ్దలీనమ్మ. "పదండే."

అందరూ గుట్టెక్కి జేసీబీల నీడన కూర్చున్నారు. సుధాకర్ గదిలోంచి ఊడిపడ్డాడు.

"వేలెడు కదిలితే కొంప మునిగిందా?"

"వేలెడు దానికి ఇంత జేసీబీని ఎందుకు జరిపినావన్నా?" అంది మగ్దలీనమ్మ.

"ఇన్సూరెన్సోళ్లు ఊరుకోరు."

"మాకు అడిగేవాళ్లు లేరు గాబట్టి మేం చావొచ్చు" అంది చెంచమ్మ.

అతను ఫోను తీశాడు. మధ్యాహ్నానికి మైపాడు మనుషులతో లారీ వచ్చింది. సముద్రంలో చేపలవేట సాగక కూలికొచ్చినవాళ్లు.

"మన కూలి వాళ్లకు పోతాది. దిగుదాం పదండి" అని కొందరు లేచారు.

"వాళ్లు మట్టికింద పడితే మనం ఇక్కడ కూర్చోని చూస్తామా?" మగ్దలీనమ్మ లారీకి అడ్డం పోయింది. మిగతావాళ్లూ చుట్టుముట్టారు. వినీల ఫోను చేతులు మారింది.

మైపాడు కామాక్షయ్య ఆ ఎరుపుకేసి చాలాసేపు చూశాడు. "ఉపగ్రహం తుపానంటే మేం పడవే దించం. దీనికిందికి దిగుతామా?" అని ఆడవాళ్ల పక్కన చతికిలబడ్డాడు. లారీ ఖాళీ అయింది.

సుధాకర్ పిలిపించిన పోలీసు జీపు దిబ్బ కింద ఆగింది. ఎస్సై తల ఎత్తి చూశాడు. జీపు వెనక్కొచ్చి జేసీబీల పక్కన నిలబడింది.

పని ఆపించారని మగ్దలీనమ్మనూ వినీలనూ జీపెక్కించారు.

"యాడ పెట్టినా దానికింద కంటే మేలేలే సారూ" అంది మగ్దలీనమ్మ.

జీపు పోయింది. ఎదురు దిబ్బలో గాలి లేకుండానే దుమ్ము లేస్తోంది. రాళ్లు ఒక్కొక్కటే దొర్లుతున్నాయి.

"నాయకురాలు పోయింది గదా, ఇంక దిగండి" అన్నాడు సుధాకర్.

చెంచమ్మ గంప తీసుకుంది. తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

"దిగుతామన్నా. ముందు నువ్వు దిగి ఒక్క గంప ఏరుకొనిరా. నీ వెనకే మేమంతా."

అందరూ అతన్నే చూస్తున్నారు. సుధాకర్ దిబ్బకేసి చూశాడు. ఒక్కడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగు మైపాడోళ్లు చూశారు, చిల్లకూరోళ్లు చూశారు. ఇంక మాటలతో పనిలేకపోయింది. అందరూ లేచి, జీపు పోయిన దారినే స్టేషనుకు నడిచారు.