మెట్ల కింది జాగ

బాలమణి తడిగుడ్డతో హాలు తుడుస్తూ టీవీ పక్కన ఖాళీ అయిన చోట ఆగింది. మొన్నటిదాకా అక్కడ అద్దాలపెట్టె ఉండేది. ఎంత ఫినాయిలు పోసి రుద్దినా ఆ వాసన పోలేదు. బూజు, ఎలుక ఉచ్చ కలిసిన కంపు.

పెట్టెలో ఉన్నది కొండచిలువ పిల్ల. ఇంటి యజమానురాలు రేణుకమ్మ కొడుకు భానుప్రకాశ్ హైదరాబాదు నుంచి తెచ్చుకున్నాడు. ఈ పక్క మనుషులు పాము కనబడితే కట్టె వెతుకుతారు, కాదంటే దండం పెడతారు. దాన్ని మెడలో వేసుకుని ఫోటో దిగే మహానుభావుణ్ణి బాలమణి ఈ వనపర్తి ఇంట్లోనే మొదటిసారి చూసింది. హాల్లో ఉన్నన్నాళ్ళూ దానికి నెమ్మది లేదు. తలుపు చప్పుడైతే అద్దానికి మూతి కొట్టుకునేది. పక్కనుంచి ఎవరు నడిచినా బుస్సుమనేది. తిండి ముట్టలేదు. మూతి పుండయింది. అద్దం మీద అంటిన చీమును తుడవాల్సింది మాత్రం బాలమణే.

"జాగ మంచిగ లేదమ్మా దానికి. అలికిడి లేని కాడ, చీకట్ల పెట్టాలె," అన్నాడు భానుప్రకాశ్ తల్లితో.

ఆ ఇంట్లో అలాంటి చోటు ఒకటే ఉంది. మెట్ల కింద, చీపుర్లు పెట్టే చిన్న అర. బాలమణి నడుం వాల్చేదీ అన్నం తినేదీ అక్కడే. ఆమె గ్లాసూ, పెళ్ళికి తల్లి బాలమణి పేరు కొట్టించి ఇచ్చిన వెడల్పాటి స్టీలు గిన్నే అక్కడి గూట్లో విడిగా ఉంటాయి. వంటింటి సామాన్లలో కలపరు. ఎవరూ నోటితో చెప్పలేదు, మొదటిరోజే రేణుకమ్మ గూడు చూపించింది. బాలమణి దాన్ని మనసులో పెట్టుకోలేదు. గోపాల్‌పేటలో ఒక్క గదిలో ఇంటిల్లిపాదితో సర్దుకునే మనిషికి, తలుపు వేసుకునే చోటంటూ అదొక్కటే ఉంది.

పెట్టె అక్కడికి చేరాక పాము మారిపోయింది. బుసలు లేవు. మెల్లగా తల చాచి నాలుక ఆడించింది. తెల్ల ఎలుకను పెడితే మింగింది. దాని నోట్లోంచి తోక వేలాడుతుంటే, ఇవతల అన్నం ముందు కూర్చున్న బాలమణి ముద్ద ఉమ్మేసి పెరట్లోకి పరుగెత్తింది.

"తిన్నది చూడు బాలమణీ! నీ జాగ దానికి మంచిగ కలిసొచ్చింది," అంటూ భానుప్రకాశ్ వీడియో తీశాడు.

ఆనాటి నుంచి ఆమె మధ్యాహ్నం తినడం మానేసింది. పాము మాత్రం బలిసింది.

ఇవాళ ఆకలికి ఆగలేక, ఇంటినుంచి తెచ్చిన జొన్నరొట్టె పెరట్లో కూర్చుని తిందామని గిన్నె కోసం వంగింది. గూట్లో గ్లాసు ఉంది, గిన్నె లేదు. పెట్టెలోకి చూసింది. గిన్నె నిండా నీళ్ళు. నీళ్ళలో చుట్ట చుట్టుకున్న పాము, అంచుకు అతుక్కున్న కుబుసం, పైన తేలుతున్న తెల్లటి రెట్ట.

"అమ్మా, నా గిన్నెల పామును పెట్టిండ్రేంది?"

రేణుకమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పలేదు. "కుబుసం ఇడుస్తుందట, నీళ్ళల్ల పండాలెనట. మేం తినే గిన్నెలు ఎట్లిస్త? నీదైతే ఇడిగ ఉన్నది గద. కడుక్కొని తీస్కో."

బాలమణికి ఒళ్ళంతా రోత పుట్టింది. పాము మీద కాదు. అది నోరులేని పురుగు, చోటు నచ్చక తల బాదుకుంది, నచ్చాక ఊరుకుంది. చూపించిన గూటి ముందు ఇన్నేళ్ళూ నోరు మూసుకుని తిన్న తన మీదే అసహ్యం వేసింది.

బకెట్టులో నీళ్ళు పారబోసి, గుడ్డ ఆరేసింది.

"రేపటి సంది రానమ్మా."

"ఏందే, ఒక్క గిన్నెకేనా? కడిగిస్త, తీస్కపో."

"అండ్ల ఇంక నేను తింటనా? మీరు తింటరా?"

బాలమణి చెప్పులేసుకుని, రొట్టె మూట చంకన పెట్టుకుని గేటు దాటింది.

మెట్ల కింద పాము గిన్నె అంచు మీద గడ్డం ఆనించి కదలకుండా పడుకుంది. దాని గడ్డం పక్కన, చుక్కలు చుక్కలుగా కొట్టించిన 'బాలమణి' అనే పేరు మీద, తడి కుబుసం ముక్క ఒకటి అంటుకుని ఉంది.